మీ బొమ్మలు ఎక్కడి నుంచి వస్తాయి? గుంటూరు, బెజవాడ అమ్మాయిలు చెప్పండి

బటర్‌పేపర్ (గుంటూరు)
అందరికీ నమస్తే. మాది కొత్తపేట. డిగ్రీ అయిపోయి రెండేళ్ళయింది, ఇంట్లోనే ఉండి బొమ్మలు వేస్తున్నాను. వచ్చే నెల బెజవాడలో అమ్మాయిలు వేసిన బొమ్మలతో ఒక చిన్న ప్రదర్శన పెడుతున్నారు, నావి మూడు తీసుకుంటామన్నారు. ఆ ఫోన్ వచ్చిన రోజు సంతోషంతో నాకు అన్నం కూడా సయించలేదు. తరవాత ఒక ఫారం పంపారు. బొమ్మ పేరు, సైజు, దేనితో వేశారు, ఇవన్నీ నింపేశాను. ఆఖర్న "మీకు ప్రేరణ ఏమిటి? వంద మాటలకు మించకుండా రాయండి" అని ఉంది. నాలుగు రోజుల నుంచి అక్కడే ఆగిపోయాను.

"ప్రకృతే నా గురువు" అని రాసి కొట్టేశాను. మా మేడ ఎక్కితే కనపడేవి నీళ్ళ ట్యాంకులూ కేబుల్ వైర్లూ, నేను చెట్టు చూసి వేసిన బొమ్మ ఒక్కటీ లేదు. తరవాత అమృతా షేర్‌గిల్ అని రాశాను. ఆవిడ వేసిన ఆడవాళ్ళంటే నాకు ప్రాణం, ఆ కళ్ళు దించుకుని కూర్చోవడం, పక్కపక్కనే ఉండి కూడా ఒకరితో ఒకరు మాట్లాడకపోవడం. కానీ అవి నేను ఫోన్‌లో, వేళ్ళతో పెద్దవి చేసుకుని చూసినవే. ఆవిడ పేరు రాస్తే అబద్ధం కాదు గానీ పూర్తి నిజం కూడా కాదనిపించి అదీ కొట్టేశాను.

ఇక్కడ బొమ్మలు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు. అసలు మీకు మొదట చెయ్యి ఎందుకు కదిలింది, ఇప్పుడు ఎక్కడ కూర్చుని, ఏ టైంలో, ఎలా వేస్తున్నారు, ఇవి చెప్తారా? కాపీ కొట్టడానికి అడగట్లేదు. ఈ ప్రశ్నకి మనలాంటి వాళ్ళు నిజంగా ఏం చెప్తారో వినాలని ఉంది.

తొలికోటు (విజయవాడ)
ముందు కంగ్రాట్స్ చెల్లీ. మూడు బొమ్మలు తీసుకున్నారంటే చిన్న విషయం కాదు.

నేను గోడల మీద వేస్తాను. స్కూళ్ళు, అపార్ట్‌మెంట్ల ప్రహరీలు, హోటళ్ళ లోపలి గోడలు. మా నాన్న ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రి. సెలవుల్లో నన్నూ పనికి తీసుకెళ్ళేవాడు. కొత్తింట్లో షేడ్ చూపించడానికి గోడ మీద పక్కపక్కనే నాలుగైదు రంగు పట్టీలు వేసేవాడు, ఇంటివాళ్ళు అందులో ఒకటి ఎంచుకున్నాక మిగతావన్నీ మర్నాటికి కోటు కింద కలిసిపోయేవి. వద్దనుకున్న రంగులే నాకు బాగుండేవి. వాటిని నోట్‌బుక్‌లో స్కెచ్ పెన్నులతో వేసుకుని పక్కన ఇంటి పేరు రాసుకునేదాన్ని, పటమట మేడ, భవానీపురం ఇల్లు, అలాగ. ఇప్పటికీ నేను ఆకాశం వేసినా చీర వేసినా రంగులు మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలవవు, పట్టీలు పట్టీలుగానే నిలబడతాయి. నన్నెవరైనా నీకు ఇది ఎక్కడి నుంచి వచ్చిందీ అంటే ఆ నోట్‌బుక్ తీసి చూపిస్తాను.

పని సంగతి చెప్తాను, ఎందుకంటే గోడ మీద వేద్దామనుకునే అమ్మాయిలు అడుగుతుంటారు. గోడ తడి చూడకుండా బ్రష్ పట్టొద్దు. రాత్రి ఒక పాలిథిన్ కవర్ ముక్కని గోడకి నాలుగు పక్కలా టేపుతో అంటించి వదిలేయండి, తెల్లారి కవర్ లోపల చెమట పట్టి ఉంటే ఆ గోడ ఇంకా ఆరలేదని. దాని మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా పొక్కులు లేస్తుంది. బొమ్మ పెద్దది చేయడానికి నీలం పొడిలో ముంచిన దారం ఇద్దరు చెరో పక్క పట్టుకుని లాగి వదిలితే గీత పడుతుంది, అలా గళ్ళు వేసుకుని కాగితం మీది గళ్ళతో సరిచూసుకుంటాను. రోహిణి కార్తెలో పొద్దున ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి దిగిపోవాలి, ఆ తరవాత రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రహరీ గోడ పనికి వెళ్తే మాకు బాత్‌రూమ్ ఉండదు. మొదట్లో అందుకే నీళ్ళు తాగకుండా పని చేసి జబ్బు పడ్డాను. ఇప్పుడు పని ఒప్పుకునే ముందు రేటు కంటే ముందు అదే అడుగుతున్నాను, వాచ్‌మెన్ గది అయినా సరే తాళం మాకివ్వాలని.

నిశ్శబ్ద పాఠకురాలు
తొలికోటు అక్కా, ఆ నోట్‌బుక్ ఇంకా ఉందా?

తొలికోటు (విజయవాడ)
ఉందమ్మా. అట్ట ఊడిపోయింది. లామినేషన్ చేయిస్తానని నాన్న అంటాడు, నేనే వద్దంటున్నాను.

సింగ్‌నగర్ సిరా (విజయవాడ)
నేనెప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని. ఇది చూశాక రాయాలనిపించింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మా వీధిలోకి వచ్చిన రోజు. ఆ వరద అనగానే అందరూ కృష్ణ గురించే చెప్తారు, మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది కాబట్టి. కానీ మా సింగ్‌నగర్‌ని ముంచింది గట్టు తెగిన బుడమేరు. ఎండాకాలంలో మురుక్కాలవలా పడి ఉండే ఏరు. మాది కింది వాటా. సామాను మంచం మీదకి, మంచం మీద నుంచి అటక మీదకి ఎక్కిస్తూనే ఉన్నాం. అమ్మ బియ్యం డబ్బా ఎత్తింది, నేను తమ్ముడి సర్టిఫికెట్లు ఎత్తాను. నా బొమ్మల ఫైలు మంచం కిందే ఉండిపోయింది, అది గుర్తొచ్చేసరికి నీళ్ళు నడుం దాటాయి. పై వాటా వాళ్ళు మమ్మల్ని ఉంచుకున్నారు. రాత్రిళ్ళు కరెంటు లేదు, కింద మా ఇంట్లో గిన్నెలు గోడలకి తగులుతున్న చప్పుడు వినపడేది.

నీళ్ళు తీశాక ఫైలు దొరికింది. బురద పట్టి ఒకే అట్టలా అయిపోయింది. ఇంటర్ నుంచి వేసినవన్నీ అందులోనే. మెల్లగా విడదీస్తే ఏం కనపడిందంటే, వాటర్ కలర్ మొత్తం పోయింది, బొగ్గుతో వేసినవి నల్లటి మరక అయిపోయాయి, కానీ వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకుతో గీసిన గీతలు మాత్రం ఒక్కటీ చెదరలేదు. మా నాయనమ్మ బొమ్మలో పసుపు చీర పోయింది, ముఖంలో రంగు పోయింది, ముడతలన్నీ ఉన్నాయి. దాని వెనకాల బురద గోధుమ రంగులో అలలు అలలుగా ఎండింది. చాలాసేపు ఏడ్చాను. ఏడుస్తూనే అది చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే నేను వేసినప్పటికంటే ఆ బొమ్మ బాగుంది. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చుట్టూ ఇళ్ళల్లో ఫ్రిజ్‌లూ పరుపులూ రోడ్డు మీద పడేస్తుంటే ఇది ఎలా చెప్తాం.

ఇప్పుడు నా పద్ధతి అదే. ముందు ఇంకుతో గీస్తాను, ఒక రోజంతా ఆరనిస్తాను, పైన పలచగా రంగులు వేస్తాను, పూర్తిగా ఆరాక బట్టలు నానబెట్టే టబ్బులో కాగితాన్ని ముంచుతాను. ఎంతసేపు ఉంచాలో కొలత లేదు, చూస్తూ ఉండాలి. మందంగా ఉండే 300 జీఎస్ఎం కాటన్ కాగితం అయితేనే తట్టుకుంటుంది, మామూలు డ్రాయింగ్ షీటు చిరిగిపోతుంది. ఏది పోతుందో ఏది ఉంటుందో ముందే తెలిస్తే నాకు వేయాలనిపించదు.

తడిసిన కాగితాలు ఎవరికైనా ఉంటే: తడి మీద లాగి విడదీయకండి. మధ్యమధ్య న్యూస్‌పేపర్ పెట్టి ఫ్యాన్ కింద ఉంచండి, గంట గంటకీ పేపర్ మార్చండి. తొందరపడి ఎండలో పెట్టొద్దు, వంకర తిరిగి పెళుసెక్కుతాయి.

నిశ్శబ్ద పాఠకురాలు
మీ గోడ మీద నీళ్ళ గీత ఉందా ఇంకా?

సింగ్‌నగర్ సిరా (విజయవాడ)
ఇంటివాళ్ళు రంగు వేయించారు. తలుపు వెనక ఒక జానెడు వదిలేయమని అడిగాను, వదిలారు. నా భుజం దగ్గరకి వస్తుంది.

ఘాటుఎరుపు (గుంటూరు)
సిరా గారూ, మీది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నాది ఎరుపు పిచ్చి. మా అమ్మమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేది, సీజన్లో పొద్దున్నే ఆటోలో పదిమంది కలిసి. సాయంత్రం ఇంటికొచ్చి చేతులకి కొబ్బరినూనె రాసుకుని చాలాసేపు ఎవర్నీ ముట్టుకోకుండా కూర్చునేది. నేను ఒళ్ళో ఎక్కుతానంటే మోచేతులతో దగ్గరకి తీసుకునేది, అరచేతులు తగలకుండా. నా బొమ్మల్లో ఆడవాళ్ళ చేతులన్నీ శరీరానికి కొంచెం దూరంగా, గాల్లో పట్టుకున్నట్టు ఉంటాయి. ఒక సార్ అనాటమీ తప్పన్నారు, నేను మార్చలేదు.

గుంటూరులో పుట్టినవాళ్ళకి ఎరుపు ఒక రంగు కాదు. మిర్చి రకాల్లోనే తేజ వేరు, బ్యాడిగి ముడతలు పడి ముదురుగా ఉంటుంది, 334 మెరుస్తుంది, తాలు కాయ తెల్లబోయి ఉంటుంది. ఇవన్నీ ట్యూబులతో కలపడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కాడ్మియం రెడ్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా వేస్తే ఎండిన తేజకి దగ్గరకి వస్తుంది. బ్యాడిగికి మొదట అలిజరిన్ క్రిమ్సన్ వాడేదాన్ని, భలే ఉండేది, కానీ అది వెలుతురుకి పాలిపోయే రంగు. కిటికీ ఎదురుగా పెట్టిన బొమ్మ ఏడాదిలో తాలు రంగుకి తిరిగింది. కోల్డ్ స్టోరేజీలో పెట్టకుండా బయట ఉంచిన సరుకులాగే. ఇప్పుడు వెలుతురుకి నిలిచే క్వినాక్రిడోన్ అనే ఎరుపు వాడుతున్నాను, ఖరీదు ఎక్కువ, నెలకి ఒక ట్యూబే కొంటాను. కొనేముందు ట్యూబు మీద వెలుతురుకి ఎంత నిలుస్తుందో గుర్తులు ఉంటాయి, చూసుకుని కొనండి, షాపులో ఎవరూ చెప్పరు.

అమ్మమ్మ ఇప్పుడు పనికి వెళ్ళట్లేదు. నేను రంగులు కలుపుతుంటే పక్కన కూర్చుని "ఇది పోయినేటి సరుకు" అంటుంది. అంటే ఇంకొంచెం ఎరుపు పడాలని.

కృష్ణాతీరం
అందరూ చాలా బాగా రాస్తున్నారు. నాకొక బాధ ఉంది, చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మా మేనకోడలు బాగా వేస్తుంది కానీ ఎప్పుడు చూసినా జపాన్ కార్టూన్ల పెద్ద పెద్ద కళ్ళే. మనకి పక్కనే అమరావతి శిల్పాలున్నాయి, కొండపల్లి ఉంది, పెడన అద్దకం ఉంది. పిల్లలు వాటి వైపు చూడకపోతే ఇంకో తరానికి చూసేవాళ్ళే ఉండరు కదా.

వేలితో_బొమ్మలు
కృష్ణాతీరం గారూ, మీరు చెప్పే ఆ మేనకోడలు లాంటిదాన్నే నేను. వయసు 19, విజయవాడలో హాస్టల్లో ఉంటాను. నాకు టాబ్లెట్ లేదు, ఫోన్‌లో ఐబిస్ పెయింట్ అనే యాప్‌లో వేలితో వేస్తాను. పదిన్నరకి లైట్లు తీసేస్తారు, ఆ తరవాత దుప్పట్లో. ఇరవై లేయర్లు దాటితే ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది కాబట్టి ముఖం అయిపోగానే లేయర్లు కలిపేస్తాను, ఇక వెనక్కి వెళ్ళడం కుదరదు.

నా కామిక్స్ అన్నీ మా హాస్టల్ గురించే. ఆదివారం చికెన్ క్యూ, బాల్కనీలో ఆరేసిన చున్నీలు ఎగిరి పక్క బిల్డింగ్ మీద పడటం, ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెప్పి పెట్టేశాక ముఖం. ఆ ఆఖరిది చూపించడానికి నాకు ఆ పెద్ద కళ్ళు కావాలి సార్. చిన్నప్పుడు టీవీలో తెలుగులో మాట్లాడే జపాన్ బొమ్మలు చూసి పెరిగాను, అవి నాకు పరాయివి అనిపించలేదు. కళ్ళు అక్కడివి, ఏడుపు ఇక్కడిదే.

ఇంకొకటి చెప్పాలనుంది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ అందరికీ తెలుసు. ఆయన కూతురు ఓయి కూడా గొప్ప చిత్రకారిణి, ముసలితనంలో ఆయనతోనే ఉండి పని చేసింది, చీకట్లో దీపం వెలుతురు వేయడంలో ఆవిడ చెయ్యి వేరే. కానీ ఆవిడ సంతకం ఉన్న బొమ్మలు చాలా కొద్దిగానే మిగిలాయి. ఆయన పేరుతో ఉన్నవాటిలో ఆవిడ చెయ్యి ఎంత ఉందో ఇప్పుడు చెప్పడం కష్టం. ఇది చదివిన రోజు నుంచి ప్రతి పేజీ కింద, వాట్సాప్‌లో ఫ్రెండ్స్‌కి పంపే దాని మీద కూడా, పేరు వేస్తున్నాను.

కృష్ణాతీరం
కళ్ళు అక్కడివి ఏడుపు ఇక్కడిదే అన్నావు చూడు తల్లీ, అది నాకు అందింది. మా మేనకోడల్ని ఈసారి కలిసినప్పుడు ఆ బొమ్మల్లో ఏం జరుగుతోందో అడుగుతాను, ఇంతవరకు కళ్ళు మాత్రమే చూశాను.

పాత డ్రాయింగ్ మాస్టారు (తెనాలి)
అమ్మాయిలూ, నేను హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. ఎంతోమందిని లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకి కూర్చోబెట్టాను, అందులో ఆడపిల్లలే ఎక్కువ ఉండేవాళ్ళు, చెయ్యి కూడా వాళ్ళదే నిలకడ. పెళ్ళిళ్ళయ్యాక ఎంతమంది వేస్తున్నారో నాకు తెలియదు. ఆ మాట తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఓయి గురించి చదివాక రాజమండ్రి గుర్తొచ్చింది. దామెర్ల రామారావు గారి పేరు మీరు వినే ఉంటారు, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చి 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. ఆయన భార్య సత్యవాణి గారూ చిత్రకారిణే, ఆయన చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారూ చిత్రకారిణే. వందేళ్ళ కిందట, ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు రంగులు పట్టుకున్నారు. నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, రామారావు గారి గురించి ప్రతి సంవత్సరం చెప్పాను, ఆ ఇద్దరి పేర్లూ ఒక్కసారి కూడా బోర్డు మీద రాయలేదు. అది నా తప్పే. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

బటర్‌పేపర్ అమ్మాయీ, షేర్‌గిల్ బొమ్మలు ఎక్కువ భాగం ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉన్నాయి. ఎప్పుడైనా వెళ్ళు. ఫోన్‌లో కనపడని సంగతి ఒకటుంది, రంగు ఎంత మందంగా ఉందో ఎంత పలచగా ఉందో అది దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. ఆవిడ కూడా 28 ఏళ్ళకే పోయింది, 1941లో.

పొణికి (కొండపల్లి)
సంతకం సంగతి వచ్చింది కాబట్టి నేనూ చెప్తాను. మాది బొమ్మలు చేసే ఇల్లు. చెక్కడం మగవాళ్ళు, రంగులేసేది ఎక్కువగా ఆడవాళ్ళం. తెల్ల పొణికి చెక్కని సెగ మీద ఆరబెట్టి చెమ్మ పోగొడతారు, అప్పుడు చేతిలో పట్టుకుంటే బెండులా తేలిగ్గా ఉంటుంది. చేతులు, తల, కాళ్ళు విడివిడిగా చెక్కి మక్కుతో అతుకుతారు, మక్కంటే చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసే ముద్ద. దాని మీద సుద్ద పూత, తరవాత మేము. అంబారీ ఏనుగు మీద గీతలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, రోట్లో దంచే ఆడమనిషి, ఇవన్నీ ఎన్ని వందలు వేశానో లెక్క లేదు. మా అత్తయ్య కనుబొమ్మ వేస్తే చూడకుండానే గుర్తుపడతాను, ఆవిడ గీత చివర చిన్న పైకెత్తు ఉంటుంది. కొనేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. కొండపల్లి బొమ్మ అంటారు, అంతే.

ఇప్పుడు నేను సొంతంగా కొన్ని చేస్తున్నాను. మామయ్య దగ్గరే చెక్కడం కూడా నేర్చుకున్నాను, మొదట్లో వేలు చాలాసార్లు తెగింది. నేను చేసింది స్కూటీ మీద అమ్మాయి. బెజవాడ ఎండలో ముఖానికి చున్నీ చుట్టుకుని, మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకుని, కళ్ళు మాత్రం కనపడతాయి కదా, ఆ అమ్మాయి. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుని ఎన్నిసార్లు చూశానో. పొణికి మెత్తన కాబట్టి సన్నగా చెక్కిన హ్యాండిల్ విరిగిపోయేది. నాలుగు విరిగాక హ్యాండిల్‌ని బండికి అంటుకునే ఉండేలా మార్చి, అద్దాలు మక్కుతో పెట్టాను. మొదటిది సంక్రాంతి బొమ్మల కొలువుకి ఒకావిడ పట్టుకెళ్ళారు, రోట్లో దంచే ఆవిడ పక్కన పెట్టి ఫోటో పంపారు. బండి అడుగున నా పేరు రాశాను. అత్తయ్యని కూడా రాయమంటే ఆవిడ చాలాసేపు బ్రష్ పట్టుకుని చూసి, తన పేరు రాయడానికి అంత సన్న బ్రష్ వద్దు అంది, లావుది తెచ్చుకుంది.

తొలికోటు (విజయవాడ)
పొణికీ, ఆ స్కూటీ అమ్మాయి నాకొకటి కావాలి. రేటు చెప్పు, తగ్గించమని అడగను. ఈ మధ్య ఒక రెస్టారెంట్ వాళ్ళు గోడ మొత్తం వేయించుకుని నీకు పబ్లిసిటీ వస్తుంది కదమ్మా అని సగమే ఇచ్చారు. అప్పటి నుంచి సగం డబ్బు ముందు తీసుకోకుండా దారం కూడా లాగట్లేదు. మీరూ అలాగే చేయండి అందరూ.

పలనాటిరాయి (గుంటూరు)
నేను హిస్టరీ చదువుతున్నాను, బొమ్మలు పక్కన. సెలవు రోజు బస్సెక్కి అమరావతి మ్యూజియంకి వెళ్ళి స్కెచ్‌బుక్‌తో కూర్చుంటాను. స్తూపం రాళ్ళు ఇప్పుడు ఒక చోట లేవు. 1845లో ఎలియట్ అనే తెల్లదొర తవ్వించి మద్రాసు పంపినవి చాలా వరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి, మరికొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. మన దగ్గర మిగిలినవాటిలో కూడా ఒక పూట చూసేంత ఉంది. ఆ సున్నపురాయి మీద చెక్కిన ఆడవాళ్ళు ఎవరూ నిటారుగా నిలబడరు, ఒక కాలి మీద బరువు వేసి నడుం ఒక పక్కకి, చెయ్యి దేని మీదో ఆనించి. బస్టాండులో కాలేజీ బ్యాగు మోస్తూ బస్సు కోసం చూసే అమ్మాయిలు అచ్చం అలాగే నిలబడతారు. నేను వేసేది అదే. భంగిమ రాయిది, బట్టలు మన బస్టాండువి.

సంతకం గురించి. అమరావతి రాళ్ళ మీద బ్రాహ్మీ లిపిలో చిన్న చిన్న శాసనాలున్నాయి, దానం ఇచ్చినవాళ్ళ పేర్లు. అందులో ఆడవాళ్ళు చాలామంది, భిక్షుణులూ గృహిణులూ. విధికుడు అనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం, అంటే నిండు కలశం, చెక్కిన రాయి ఇచ్చానని రాయించుకున్నాడు. రెండు వేల ఏళ్ళ నాటి మాట. డబ్బిచ్చినవాళ్ళ పేర్లు అలా దొరుకుతాయి, చెక్కిన చేతుల పేర్లు దొరకవు. నేను వేసిన ప్రతి బొమ్మ కిందా ఎవరిని చూసి వేశానో వాళ్ళ పేరు కూడా రాస్తున్నాను, వాళ్ళు ఒప్పుకుంటే.

నిశ్శబ్ద పాఠకురాలు
బటర్‌పేపర్ గారూ, ఇంతమంది చెప్పారు, మీ మూడు బొమ్మలు ఏంటో మీరు చెప్పనే లేదు.

బటర్‌పేపర్ (గుంటూరు)
అందరివీ చదువుతూ ఉండిపోయాను, సారీ. మూడూ ఇండియన్ ఇంకు, నిబ్బుతో. ఒకటి కుట్టుమిషన్ ముందు వంగిన వీపు. రెండోది మెడ, జడ. మూడోది కిటికీ దగ్గర చెయ్యి. గీతలు ఉండవు, మొత్తం చుక్కలే. ఒక్కో బొమ్మకి నెల పైన పడుతుంది.

వేలితో_బొమ్మలు
అక్కా చుక్కలే ఎందుకు? పేరేమో బటర్‌పేపర్ అని పెట్టుకున్నారు.

బటర్‌పేపర్ (గుంటూరు)
ఈ పేరు పెట్టుకున్నప్పుడు ఏమీ ఆలోచించలేదు, మంచం పక్కన రోల్ ఉంది, అది పెట్టేశాను. నువ్వు అడిగాక నిన్న రాత్రంతా అదే ఆలోచన.

మా అమ్మ జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తుంది. డిజైన్‌ని ముందు బటర్‌పేపర్ మీద గీస్తుంది, తరవాత ఆ గీత మీద సూదితో వరసగా చిల్లులు పెడుతుంది. కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో పొడి కలిపి గుడ్డతో రుద్దితే చిల్లుల్లోంచి దిగి బట్ట మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీద జరీ, పూసలు కుడుతుంది. కుట్టు అయ్యాక చుక్కలు కనపడవు. చిన్నప్పుడు నా పని ఏంటంటే, ఎక్కడైనా చిల్లు తప్పిందేమో చూడటం. కాగితాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని చూసేదాన్ని, వెలుతురంతా నెమలి ఆకారంలోనో మామిడిపిందె ఆకారంలోనో చుక్కలు చుక్కలుగా నా ముఖం మీద పడేది. అమ్మ ఆ కాగితాలు ఒక్కటీ పారేయలేదు, పరుపు కింద చుట్టలు చుట్టి ఉన్నాయి, పెళ్ళికూతుళ్ళ పేర్లు రాసి. తన పేరు ఎక్కడా లేదు.

నేను చుక్కలు వేయడం ఇంటర్నెట్లో ఒక వీడియో చూసి నేర్చుకున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

సింగ్‌నగర్ సిరా (విజయవాడ)
ఇప్పుడు రాసింది అలాగే ఫారంలో పెట్టండి. వంద మాటలు దాటితే దాటనివ్వండి.

పాత డ్రాయింగ్ మాస్టారు (తెనాలి)
మీ అమ్మగారి పేరు కూడా రాయి తల్లీ.

ఘాటుఎరుపు (గుంటూరు)
ఆ బటర్‌పేపర్లు కూడా ప్రదర్శనలో పెట్టమని అడగండి. వెనక లైటు వేసి.

బటర్‌పేపర్ (గుంటూరు)
అడిగాను. ఒక్కటి పెట్టుకోవచ్చు, కిటికీ పక్క గోడ ఇస్తామన్నారు. అమ్మకి చెప్తే ముందు కంగారుపడింది, కిరోసిన్ మరకలున్న కాగితాలు ఎవరు చూస్తారే అని. తరవాత తనే పరుపు ఎత్తి అన్నీ నేల మీద పరిచి, రెండు గంటలు కూర్చుని ఒకటి తీసింది. నేననుకున్న నెమలి కాదు. చిన్న అంచు డిజైను, అంతా మెలికలే. దీనికి చిల్లులు పెట్టడం కష్టం, అందుకని ఇది, అంది. కింద పేరు రాయమంటే పుట్టింటి ఇంటిపేరుతో రాసింది.

తరవాత నా బొమ్మలు చూపించమంది. రోజూ చూస్తూనే ఉంటుంది గానీ చూపించమని అడగడం ఇదే మొదటిసారి. జడ బొమ్మని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని చూసి, మెడ వంపు దగ్గర వేలు పెట్టింది. "తిన్నగా పోయేచోట దూరం ఉన్నా పర్లేదు, మలుపు దగ్గర చుక్కలు దగ్గరగా పడాలి, లేకపోతే అక్కడ గీత తెగిపోతుంది" అంది. నిజమే, అక్కడ తెగుతోంది, నాకు ఇన్నాళ్ళూ కనపడలేదు.

ఫారం రేపు పంపుతాను. ఇప్పుడు ఆ మెడ దగ్గర కూర్చున్నాను, ఇంకో రెండు మూడు వందల చుక్కలు పడతాయి.